రోగి శయ్యచెంత పాటయు, బొమ్మయు

ఆరోగ్యవంతునకు ఆకాశమంతయు తనదే. రోగికి తన మంచముపైనున్న కప్పు మాత్రమే ఆకాశము. ఈ సత్యమును మేము గ్రంథములు చదివి గాక, ఒక వైద్యశాలలో 31 దినములు వెల్లకిల పరుండి నేర్చుకొంటిమి. ఆ దినములలో మా పాఠశాల బాలురు మాకును, మా తోడి రోగులకును చేసిన యుపకారమును, దానికి ముందు మేము వారిచే చేయించిన పొరపాటును ఈ వార్షిక సంచికయందు చెప్పుకొనుట మా విధియని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత సంవత్సరము వానకాలమున తడిసిన మెట్లపై కాలు జారి పడుటచే మా కుడితొడ యెముక విరిగెను. మమ్ము చేర్చిన గదిలో పండ్రెండు మంచములు గలవు. గోడలకు సున్నము తప్ప వేరలంకారము లేదు. కప్పుపై నీరు దిగిన మచ్చ యొకటి మొదటి దినమున మాకు గేదెవలె కనబడెను. పదియవ దినమునకు అది యేమియు కాకపోయెను. పగలెల్ల ఒక్కొక్క మంచము దగ్గర నొక్కొక్క సెల్‌ఫోను ఒక్కొక్క పాట పాడుచుండెను. అవి యన్నియు కలిసి సంగీతము కాలేదు, సంతరొద యయ్యెను. నర్సులు దయగలవారే, కాని పని యెక్కువ, చేతులు తక్కువ. "ఏడో నంబరు మాత్ర వేసుకున్నారా?" యని యడిగి ముందుకు సాగిపోవుచుండిరి. కొన్ని దినములకు మేమును మాకు పేరొకటి కలదను సంగతి మరచి, ఏడవ నంబరుగనే యుంటిమి.

మా ప్రక్కనున్న యెనిమిదవ మంచముపై ఒక వృద్ధ కృషీవలుడుండెను. మధుమేహముచే కాలు పుండుపడి, అప్పటికే రెండు వ్రేళ్లు తీసివేయబడినవి. ఆయన ఎవ్వరితోను మాటలాడెడివాడు కాడు.

ఈ విసుగును పోగొట్టవలెనని మేము పాఠశాలకు కబురంపితిమి. మొదటి శనివారము సాయంకాలము పదునైదుగురు బాలురు హార్మోనియము, తబలా, కంజీరలతో వచ్చి అరగంటసేపు ఉత్సాహముగా పాడిరి. కొందరు రోగులు చప్పట్లు చరచిరి. మేము గర్వముతో నిటునటు చూచితిమి. అపుడు, ఆ యుదయమే శస్త్రచికిత్స జరిగిన యువకుడొకడు పండ్లు కొరుకుచుండుటయు, ఎనిమిదవ మంచముపై పెద్దాయన తలవరకు దుప్పటి కప్పుకొనుటయు మా కంటబడెను. బాలురు వెడలిన పిమ్మట ఆయన దుప్పటి తొలగించి మాతో మొదటిసారి మాటలాడెను.

"మాస్టారూ, మీ పిల్లలు బాగానే పాడారు. కానీ నన్నెవరూ అడగలేదు. ఇక్కడ సూది గుచ్చేటప్పుడూ అడగరు, పాట పాడేటప్పుడూ అడగరు."

ఆ మాట మాకు తొడనొప్పి కంటె నెక్కువ బాధ కలిగించెను. పండ్రెండుగురి పక్షమున మేమొక్కరమే పాట కోరితిమి. తక్కిన పదునొకండుగురు లేచి వెలుపలికి పోజాలనివారను సంగతి మాకు స్ఫురింపలేదు. సభలో పాట నచ్చనివాడు లేచిపోవును. మంచముపై నున్నవాడెక్కడికి పోగలడు?

ఆ రాత్రి మాకు ఫ్లారెన్సు నైటింగేలు వ్రాసిన పుస్తకము జ్ఞప్తికి వచ్చెను. నర్సింగును గూర్చి 1859లో అచ్చయిన ఆ చిన్న గ్రంథమున ఆమె, అనవసరమైన శబ్దము రోగికి క్రూరమైన హింస యని హెచ్చరించెను. ఎల్లప్పుడు అవే గోడలు చూచుటవలన కలుగు బాధను వర్ణించి, అందమైన వస్తువులును రంగులును మనస్సునకే గాక దేహమునకును మేలు చేయునని చెప్పెను. సంగీతమును గూర్చియు ఆమె సూక్ష్మముగా విచారించెను. మానవకంఠము, ఊదెడి వాద్యములు, నాదము తెగక సాగు తంత్రీవాద్యములు రోగికి హితమనియు, నాదము తెగి తెగి వచ్చు పియానో వంటివి అట్లు కావనియు ఆమె యభిప్రాయము. పదునైదు కంఠములతో తబలా మ్రోయించిన మేము ఆ పాఠమును చదివియు చదువనివారమైతిమి.

రెండవ శనివారము నలుగురే వచ్చిరి. ఒకని చేత ఫిడేలు, ఒకని చేత వేణువు. ఒకడు పాడువాడు, ఒకడు చిత్రములు వ్రాయువాడు. మేము చెప్పినట్లు వారు ప్రతి మంచము కడకు పోయి, మెల్లగా, "పాడమంటారా, వద్దంటారా?" అని యడిగిరి. ఇద్దరు జోలపాట కోరిరి. ఒకరు మాటలులేని ఫిడేలు చాలుననిరి. శస్త్రచికిత్స జరిగిన యువకుడు దూరమునుండి వాయింపుమనెను. ఎనిమిదవ మంచము చెంత, "తాతగారూ, మీకేం పాడమంటారు?" అని బాలుడడుగగా ఆయన "వద్దు" అనెను. బాలుడు నమస్కరించి తప్పుకొనెను. ఆ "వద్దు" చెల్లినపుడు ఆ పెద్దాయన ముఖమున తృప్తి కనబడుట మేము చూచితిమి. వైద్యశాలలో ఆయన చెప్పిన మాట నెగ్గుట బహుశః అదియే ప్రథమము.

ఎదుట నిలిచి పాడు మనిషికిని, సెల్‌ఫోనులో పాటకును గల భేదము మాకపుడు తెలిసెను. ఫోను రోగి ముఖము చూడదు. ఫిడేలు వాయించు బాలుడు చూచును; నొసలు ముడిపడిన నాదము తగ్గించును, కన్నులు మూతపడిన నిలుపును.

సంగీతము మందులకు బదులని మేము చెప్పము. 2015లో లాన్సెట్ అను వైద్యపత్రికలో 73 ప్రయోగములను సమీక్షించిన వ్యాసమొకటి వెలువడెను. శస్త్రచికిత్స పొందినవారికి సంగీతము వినిపించినచో నొప్పియు, ఆందోళనయు, నొప్పిమందుల యవసరమును తగ్గినవని అందు తేలెను. కాని వైద్యశాలలో నుండవలసిన దినములు మాత్రము తగ్గలేదు. నొప్పి దేహమందు పుట్టినను దానిని గమనించునది మనస్సే గదా! మనస్సు మరియొక దానిని పట్టుకొన్నంతసేపు నొప్పి పట్టు కొంత సడలును.

ఇక బొమ్మల సంగతి. చిత్రములు వ్రాయు బాలుడు వరిమడిని, ఎద్దులను, తాటిచెట్లను పెద్ద కాగితముపై రంగులతో వ్రాసి తెచ్చెను. మేము దానిని ఎనిమిదవ మంచము తలవైపు గోడకు తగిలింపించితిమి. చూడవచ్చినవారందరు మెచ్చుకొనిరి. మూడవ దినమున పెద్దాయన, "ఆ బొమ్మ నిలబడ్డవాళ్లకా, పడుకున్నవాళ్లకా?" అని యడిగెను. మరల సిగ్గుపడితిమి.

ఫిన్లాండు దేశమున పైమియో గ్రామముచెంత 1933లో పూర్తియైన క్షయరోగ చికిత్సాలయమును ఆల్వార్ ఆల్టో అను శిల్పి నిర్మించెను. పరుండినవాని కన్ను ఎటు చూచునో యోచించి, ఆయన గదికప్పునకు కంటికి చల్లనైన రంగు వేయించి, దీపకాంతి కన్నులలో పడకుండ నమర్చెను. అమెరికాలోని పెన్సిల్వేనియాయందు రోజర్ అల్‌రిచ్ అను పండితుడు 1972 మొదలు 1981 వరకు పిత్తాశయము తీసివేయబడిన 46 మంది రోగుల లెక్కలు పరిశీలించెను. కిటికీనుండి చెట్లు కనబడిన 23 మంది సగటున 7.96 దినములకును, ఇటుకగోడ కనబడిన 23 మంది 8.70 దినములకును ఇంటికి పోయిరి. మొదటివారికి బలమైన నొప్పిమందులును తక్కువగనే కావలసివచ్చెను. 1984లో ఇది ప్రకటింపబడెను. పరీక్షింపబడినవారు కొలదిమందియే యైనను, కంటియెదుట ఏమున్నదను ప్రశ్న చిన్నది కాదని దీనివలన తెలియుచున్నది.

బొమ్మను ఎదుటి గోడకు మార్చితిమి. పెద్దాయన దానిని ఒక పూటంతయు చూచి, శనివారము వచ్చిన బాలుని పిలిచెను. "అబ్బాయీ, ఎద్దులు బాగానే ఉన్నాయి. కానీ నీ మడికి గట్టేదిరా? నీళ్లెక్కడ నిలుస్తాయి?" అనెను. వార్డంతయు నవ్వెను, ఆయనయు నవ్వెను. బాలుడు మంచము చెంత కూర్చుండి, ఆయన చెప్పినట్లెల్ల గట్టు వేసి, నీరు పెట్టెడి గండియు వ్రాసెను.

1938లో ఇంగ్లండునందలి యొక క్షయ చికిత్సాలయమున రోగిగా నున్న ఏడ్రియన్ హిల్ అను చిత్రకారుడు, మంచముపైనుండియే బొమ్మలు వ్రాసికొని ఊరట చెంది, తోడి రోగులచేతను వ్రాయించెను. చిత్రకళాచికిత్స యనుటకు ఇంగ్లీషున వాడు పేరును 1942లో పెట్టినవాడాయనయే. అందలి మర్మము మాకు ఎనిమిదవ మంచము కడ బోధపడెను. సేవ పొందుటయే పనిగా నున్నవానికి, తాను మరియొకరికి నేర్పగలనని తెలియుట గొప్ప ఔషధము.

నర్సులలో పెద్దయామె యొకనాడు మాతో నిట్లనెను: "ఇన్నాళ్లూ ఎనిమిదో మంచం కాలిపుండు అనే అనుకున్నామండీ. ఇప్పుడు కట్టు మారుస్తూ నాట్లు, గట్లు, ఎరువుల సంగతి అడుగుతున్నాను. ఆయనకు నొప్పి మరపు, నాకు అలసట మరపు." ఫిడేలు వినుటచే ఆమె కాళ్లనొప్పి పోలేదు, ఆమె పని గంటలు తగ్గలేదు. కాని నంబర్ల నడుమ తిరుగుచుండిన ఆమె మరల మనుష్యుల నడుమ తిరుగుచుండెను.

మేము ఇల్లు చేరుటకు వారము ముందు వైద్యులు పెద్దాయన పాదమును తీసివేయక తప్పదని నిశ్చయించిరి. పాటగాని బొమ్మగాని ఆ పాదమును కాపాడలేదు. ఈ మాటను దాచి వ్రాసినచో మేము అబద్ధమాడినవారమగుదుము. చికిత్సకు పోవునాటి యుదయమున ఆయన నర్సును పిలిచి, "తిరిగి వచ్చేసరికి ఆ బొమ్మ అక్కడే ఉండాలమ్మా" అని మాత్రమడిగెను. మరునాడు తెలివి కుదుటపడిన పిమ్మట దానివంక చాలసేపు చూచి, "నారు ముదిరిపోతోంది" అని గొణిగెను. పాట మాత్రము మేమున్నంతకాలము ఆయన కోరనేలేదు. బాలుడు ప్రతి శనివారము అడుగుట మానలేదు.

ప్రియ విద్యార్థులారా! మీలో పాడగలవారును వ్రాయగలవారును పెక్కుమంది కలరు. ఆ విద్యను రోగుల చెంతకు కొనిపొండు. కాని పోవునపుడు మొదట వైద్యుల యనుమతిని, పిమ్మట రోగి యనుమతిని గైకొనుడు. బొమ్మను తగిలించుటకు ముందు మంచముపై తలయుంచి చూడుడు. "వద్దు" అనినవానికి కోపింపక నమస్కరించి, మరల వారము వచ్చి యడుగుడు. మీ పాట వినుటయే గాక, వద్దనుటయు అతని హక్కే.