రైలెక్కి పైకి, కాలువ గట్టున కిందికి

ఇంగ్లాండ్ ఉత్తరాన, లీడ్స్‌కీ మాంచెస్టర్‌కీ నడుమ, పెనైన్ కొండల అంచున ఉన్న ఊరు హడర్స్‌ఫీల్డ్. ఉన్ని బట్టలు నేసి బాగుపడిన ఊరు. ఆ సంపాదన ఏపాటిదో తెలియాలంటే రైలు దిగి, స్టేషన్ బయటికొచ్చి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాలి. 1850 నాటికి పూర్తయిన ఆ రాతి భవనం, దాని ముందు బారులు తీరిన ఎత్తయిన స్తంభాలు చూస్తూ కాసేపు నిలబడిపోతాం. ఎదుట చౌకులో హెరాల్డ్ విల్సన్ విగ్రహం. బ్రిటన్‌కు రెండు దఫాలు ప్రధానిగా చేసిన ఆయన 1916లో ఈ ఊళ్లోనే పుట్టారు.

నాకు మాత్రం ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఇక్కణ్నుంచి బయటపడే దారి. రైలెక్కితే పావుగంటలో మార్స్‌డెన్. అక్కడ దిగి, కాలువ గట్టు పట్టుకుని, నీటి వాలు వెంటే తీరిగ్గా హడర్స్‌ఫీల్డ్ దాకా నడిచి రావచ్చు. పన్నెండు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంత ఓపిక లేకపోతే మధ్యలో ఒక ఊళ్లో మళ్లీ రైలెక్కేయవచ్చు. కారులో వెళ్లినవాళ్లు కారు పెట్టిన చోటికే తిరిగి రావాలి. రైల్లో వెళ్లినవాళ్లకు ఆ బెడద లేదు.

ఇది సాధ్యమయ్యేది ఈ లోయ ఇరుకుతనం వల్ల. కోన్ నది కొండల మధ్య కోసుకున్న సన్నని దారిలోనే నది, రోడ్డు, కాలువ, రైలు పట్టాలు నాలుగూ సర్దుకున్నాయి. ఒకచోట కాలువ నది మీదుగా పోతుంది, ఇంకోచోట రైలు రెండింటినీ దాటుతుంది. గట్టున నడుస్తుంటే ఏదో ఒక బండి చప్పుడు చెవిన పడుతూనే ఉంటుంది. నాకది అడ్డుగా అనిపించదు. ఈ లోయ కథంతా ఈ కాలువకూ రైలుకూ మధ్య నడిచిందే.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవాళ్లకు లాకులంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అయితే మన కాలువల్లో నీళ్లు ముందు పొలానికి, ఆ తర్వాతే పడవకు. మనం నడిచే ఈ కాలువ, హడర్స్‌ఫీల్డ్ న్యారో కెనాల్, పొలాలు తడపడానికి తవ్వింది కాదు. సరుకు పడవలు కొండ దాటడానికే తవ్వారు. ఆ పడవలకు నీళ్లు చాలవని కొండ మీద రెడ్‌బ్రూక్ లాంటి చెరువులు కట్టారు. పొడవు చూస్తే 32 కిలోమీటర్లే, లాకులు మాత్రం 74. తూర్పు వైపు 42, పడమటి వైపు 32. ఒక్కో లాకు వెడల్పు ఏడడుగుల చిల్లర, అంటే ఒక్క సన్నపాటి పడవ పట్టేంత.

మార్స్‌డెన్ స్టేషన్ పక్కనే ఉంటుంది తూర్పు వైపు చిట్టచివరి లాకు, 42వది. కిందికి నడక మొదలుపెట్టే ముందు ఎదురు దిశలో పది నిమిషాలు నడిచి టనెల్ ఎండ్ చూసి రావాలి. కాలువ అక్కడ కొండలోకి దూరిపోతుంది. అదే స్టాండెడ్జ్ సొరంగం. పొడవు అయిదు కిలోమీటర్ల పైమాట. బ్రిటన్‌లోని కాలువ సొరంగాల్లో ఇంతకన్నా పొడవైనది లేదు, ఇంత లోతుగా భూమి అడుగున పోయేదీ లేదు, సముద్రమట్టానికి ఇంత ఎత్తున ఉన్నదీ లేదు. 1794లో బెంజమిన్ ఔట్రమ్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో పని మొదలైంది. రాయి లొంగలేదు, డబ్బు చాల్లేదు, రెండు వైపుల నుంచీ తవ్వుకొచ్చిన దారులు తిన్నగా కలవలేదు. చివరికి థామస్ టెల్ఫర్డ్ అనే మరో ఇంజినీరును పిలిచి సలహా అడిగారు. 1811కి గాని తొలి పడవ ఇవతల నుంచి అవతలకు పోలేదు.

ఖర్చు తగ్గించుకోవడానికి సొరంగంలో గట్టు కట్టలేదు. గట్టు లేకపోతే పడవను లాగే గుర్రం లోపలికి రాలేదు. గుర్రాన్ని విప్పి కొండ మీదుగా అవతలికి నడిపించుకెళ్లేవారు. పడవను లోపల నడిపింది మనుషుల కాళ్లు. ఇద్దరు కూలీలు పడవ మీద వెల్లకిలా పడుకుని, అటొకరు ఇటొకరు సొరంగం గోడలను పాదాలతో తన్నుతూ, అడుగడుగునా పడవను ముందుకు నెట్టేవారు. ఖాళీ పడవకు గంటా ఇరవై నిమిషాలు, సరుకున్న పడవకు మూడు గంటలు. ముఖద్వారం దగ్గర నిలబడితే వేసవిలో కూడా లోపలి నుంచి చల్లగాలి తగులుతుంది. గోడ రాళ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఆ చీకట్లో మూడు గంటలు గోడ తన్నుకుంటూ పోయినవాళ్లను తలుచుకోకుండా అక్కణ్నుంచి కదలలేం. ఇప్పుడు కాలువ బాగోగులు చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ సందర్శకులను పడవలో కొంత దూరం లోపలికి తీసుకెళ్తుంది. ఏయే రోజుల్లో నడుపుతున్నారో ముందుగా కనుక్కుని వెళ్లండి. ఆ కాసేపటి ప్రయాణం తప్పక చేయాల్సింది.

ఇక రైలు సంగతి. 1845లో రైలు కంపెనీ, కాలువ కంపెనీ ఒక్కటయ్యాయి. అదే కొండలో, కాలువ పక్కనే, రైలుకు సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. రెండింటినీ కలుపుతూ అడ్డదారులు తవ్వి, రైలు సొరంగంలో తీసిన రాయీ మట్టీ కాలువ పడవల్లోనే బయటికి తోలారు. 1849లో రైళ్లు నడిచాయి. 1871లో ఇంకో సొరంగం, 1894లో జంట పట్టాల మూడో సొరంగం వచ్చాయి. ఈనాటికీ రైళ్లు నడిచేది ఆ మూడోదాంట్లోనే. రైలుకు దారి తీయడానికి పనికొచ్చిన కాలువకే ఆ తర్వాత పని లేకుండా పోయింది. సరుకంతా పట్టాలెక్కింది. 1944లో కాలువను అధికారికంగా మూసేశారు. లాకుల తలుపులు కుళ్లాయి, వాటి తొట్టెలు కాంక్రీటుతో నిండాయి, కొన్నిచోట్ల కాలువను మట్టితో కప్పేశారు, దాని మీద ఇళ్లూ ఫ్యాక్టరీ షెడ్లూ లేచాయి.

అలా పోయినదాన్ని తిరిగి తెచ్చుకున్నది ఇక్కడి జనమే. 1974లో హడర్స్‌ఫీల్డ్ కెనాల్ సొసైటీ ఏర్పడింది. వాళ్ల చేతుల్లో డబ్బూ లేదు, అధికారమూ లేదు. సెలవు రోజుల్లో పారలు పట్టుకుని బురద తీశారు, లాకులు ఒక్కొక్కటిగా బాగుచేశారు, ఊళ్ల కౌన్సిళ్ల చుట్టూ తిరిగారు. అది అసాధ్యమైన పని అన్నవాళ్లే ఎక్కువ. ప్రభుత్వ నిధులూ లాటరీ నిధులూ వచ్చి, 2001లో కాలువ ఆ చివర నుంచి ఈ చివర దాకా మళ్లీ తెరుచుకుంది. గట్టున నడిచేవాడు టికెట్ కొనక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఆ హక్కు వెనక పాతికేళ్లకు పైబడిన చాకిరీ ఉంది.

మార్స్‌డెన్ నుంచి స్లాథ్‌వెయిట్ దాకా ఉన్న నాలుగైదు కిలోమీటర్లే ఈ నడకకు ప్రాణం. ఒక్కరోజే ఉంటే, అంతవరకే నడవగలిగితే, ఇదే నడవండి. లాకు వెంట లాకు, నిచ్చెన మెట్లలా దిగుతూ పోతుంది. అదృష్టం బాగుంటే పడవ దిగడం చూడవచ్చు. ఒకరు పడవ మీద చుక్కాని పట్టుకుంటే ఇంకొకరు గట్టున ఇనుప పిడితో షట్టర్లు ఎత్తుతారు. పళ్ల చక్రం టకటకమంటూ తిరుగుతుంది, తొట్టిలో నీళ్లు సుళ్లు తిరుగుతూ దిగుతాయి, పడవ గోడల మధ్య నెమ్మదిగా లోపలికి కుంగుతుంది. రెండు పక్కలా నీటి మట్టం సమమయ్యే దాకా తలుపు చచ్చినా కదలదు. సమమయ్యాక, తలుపుకున్న పొడవాటి దూలానికి వీపు ఆనించి కాళ్లతో నేలను నెడితే మెల్లగా తెరుచుకుంటుంది. ఆగి చూస్తున్నవాళ్లను ఓ చెయ్యి వేయమని పిలవడం ఇక్కడ మామూలే. పిలిస్తే వెళ్లండి.

మే నెలలో అయితే గట్టు పొడుగునా హాథార్న్ కంచెలు తెల్లగా పూసి ఉంటాయి. కొంగలు నీటి అంచున కదలకుండా నిలబడతాయి. శీతకాలంలో దారి బురద, బూట్లు లేకుండా రావద్దు.

స్లాథ్‌వెయిట్ పేరు స్టేషన్ బోర్డు మీద అలా ఉన్నా స్థానికులు పలికేది 'స్లావిట్'. కప్పేసిన కాలువను మళ్లీ తవ్వి నడి ఊళ్లోంచి తీసుకొచ్చిన చోటిది. చోటు చాలక ఇక్కడ ఒక లాకుకు పక్కకు తెరుచుకునే తలుపుల బదులు పైకి లేచే తలుపు పెట్టారు. ఊరివాళ్లకు 'మూన్‌రేకర్లు' అని పేరు. పూర్వం కాలువలో దాచిన దొంగసారాయి పీపాలను రాత్రిపూట పంట్రకోలలతో లాగుతుంటే సుంకం అధికారులు పట్టుకున్నారట. 'చంద్రుడు నీళ్లలో పడ్డాడు, బయటికి తీస్తున్నాం' అన్నారట వీళ్లు. ఆ కథను పురస్కరించుకుని 1985 నుంచి ఫిబ్రవరిలో ఏడాది విడిచి ఏడాది కాగితపు లాంతర్లతో ఉత్సవం చేస్తున్నారు.

ఇక్కణ్నుంచి కిందికి కాలువ మిల్లుల మధ్యకు వస్తుంది. లిన్‌థ్వెయిట్ దగ్గర ఆరంతస్తుల టైటానిక్ మిల్లు. ఆ ఓడ నీళ్లలోకి దిగిన 1911లోనే కట్టారు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు అందులో ఫ్లాట్లున్నాయి. ఎదురు కొండ మీద గోల్కార్ ఊళ్లో పాత నేతగాళ్ల ఇళ్లను కోన్ వ్యాలీ మ్యూజియంగా ఉంచారు. పై అంతస్తులో వరుసగా చిన్న చిన్న కిటికీలు, గోడంతా అవే. మగ్గం ఉండేది అక్కడ, మగ్గానికి వెలుతురు కావాలి. మిల్లులు రాకముందు ఈ లోయలో పని ఇళ్లలోనే జరిగేది.

ఆ మార్పు సాఫీగా జరగలేదు. నేసిన ఉన్ని బట్ట మీది నూగును పెద్ద కత్తెరలతో నున్నగా కత్తిరించే పనివాళ్లు ఈ ప్రాంతంలో ఉండేవారు. ఆ పని చేసే యంత్రాలు మార్స్‌డెన్‌లోనే, ఈనక్ టేలర్ కమ్మరి కొలిమిలో తయారయ్యాయి. 1812లో ఆ యంత్రాలను పగలగొట్టిన లడ్డైట్లు వాడిన సమ్మెటలకు కూడా 'ఈనక్' అనే పేరు. ఆ ఏప్రిల్‌లో మార్స్‌డెన్ మిల్లు యజమాని విలియం హార్స్‌ఫాల్‌ను లడ్డైట్లు దారిలో కాల్చి చంపారు. ఆ హత్యకు మరుసటి జనవరిలో ముగ్గురిని యార్క్‌లో ఉరితీశారు. చరిత్ర పుస్తకాల్లో లడ్డైట్లంటే కొత్తదాన్ని ఓర్వలేని మూర్ఖులని రాసిన రోజులున్నాయి. ఈ లోయలో నడిచాక నాకు ఆ మాట అన్యాయంగా తోస్తుంది. వాళ్లు పోగొట్టుకున్నది ఇంటిల్లిపాదికీ తిండి పెట్టిన పనితనం.

కాలువ విడిచి కొండెక్కాలనుకునేవాళ్లకు మార్స్‌డెన్ చుట్టూ నేషనల్ ట్రస్ట్ చూసుకునే విశాలమైన బంజరు కొండలున్నాయి. ఈస్టర్‌గేట్ దగ్గర మూటలు మోసే గుర్రాల కోసం కట్టిన సన్నని రాతి వంతెన దాటి పైకి పోతే చెట్టూ చేమా ఉండవు, గడ్డీ, కుళ్లిన మొక్కలు పేరుకున్న పీట్ నేలా, గాలీ. ఎండలకు ఆ పీట్ అంటుకుంటే రోజుల తరబడి కాలుతుంది. అక్కడ నిప్పు రాజేయకండి. బ్రిటన్ ఆస్థానకవి సైమన్ ఆర్మిటేజ్ ఈ మార్స్‌డెన్ వారే. ఆయన కవితల్లో ఒకటి ప్యూల్ హిల్ పాత క్వారీ రాతి మీద చెక్కి ఉంది.

సొరంగానికి అవతల డిగల్‌లో 1968లో స్టేషన్ ఎత్తేశారు. ఆ వైపు చూడాలంటే గ్రీన్‌ఫీల్డ్‌లో దిగాలి. ఆ వైపే ఉన్న అప్పర్‌మిల్‌లో రైలు వంతెన కాలువ మీదుగా కమానులు కమానులుగా పోయే దృశ్యం బాగుంటుంది.

హడర్స్‌ఫీల్డ్ చేరేసరికి ఆస్ప్లీ దగ్గర యూనివర్సిటీ భవనాలు కాలువ ఒడ్డునే ఉంటాయి. ఇంగ్లాండ్ ఉత్తరాది యూనివర్సిటీలకు మన పిల్లలు చాలామందే వస్తున్నారు. వారమంతా తరగతులూ పార్ట్‌టైమ్ పనులూ అయ్యాక, ఒక రైలు టికెట్టుతో దక్కే ఆదివారం ఇది.

యార్క్ నుంచి మాంచెస్టర్ దాకా ఈ లైనుకు కరెంటు తీగలు వేసి వేగం పెంచే పనులు నడుస్తున్నాయి. అందువల్ల వారాంతాల్లో రైలుకు బదులు బస్సులు నడపడం కద్దు, బయల్దేరే ముందు చూసుకోండి. కాలువకూ ఇబ్బందులు తప్పవు. 2025 వేసవిలో దానికి నీళ్లిచ్చే చెరువులు అడుగంటి లాకులు మూసేశారు. పడవలు ఆగిపోయాయి. నడిచేవాళ్లను మాత్రం కాలువ దగ్గరికి రైలు చేర్చింది. వేగం పెరగడం మంచిదే. ఆ వేగం కోసం మార్స్‌డెన్‌లోనూ స్లావిట్‌లోనూ ఆగే నెమ్మది బండిని మాత్రం తగ్గించకూడదు.