ముద్ద ఎవరి చేతిలో

నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి నల్లగొండ వైపు తిరిగితే రోడ్డుకు రెండు పక్కలా బత్తాయి తోటలు, వాటి వెనక పత్తి చేలు. అక్టోబరు కావడంతో కాయలు పగిలి చేలన్నీ తెల్లబడ్డాయి. ఏరే కూలీలతో కిక్కిరిసిన ఆటోలు ఎదురొస్తున్నాయి. నేను వెళ్లిన అంగన్‌వాడీ కేంద్రం ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఒక గది. గోడ మీద అక్షరమాల, కూరగాయల బొమ్మలు, మూలన బరువు తూచే యంత్రం, పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలిచే బల్ల, బీరువా పక్కన బాలామృతం ప్యాకెట్ల దొంతర.

ఆ రోజు అక్కడ సామూహిక అన్నప్రాసన. 6 నెలలు నిండిన పిల్లల్ని తల్లులు తీసుకొస్తే వాళ్లకు తొలి ముద్ద పెట్టించి, ఇకపై ఏం పెట్టాలో, ఎన్నిసార్లు పెట్టాలో చెప్పి పంపే కార్యక్రమం. ఇలాంటివి ప్రతి కేంద్రంలోనూ జరుగుతాయి. అయితే ఈ ఊరి టీచర్ పిల్లల నోట్లో చెంచా పెట్టడంతో సరిపెట్టదని, వాళ్ల ముందు పళ్లెం కూడా పెట్టి తిననిస్తుందని పోషకాహారం మీద పనిచేసే స్నేహితురాలు చెప్పింది. నగరాల్లో ఖరీదైన ఎత్తుకుర్చీలు, మెత్తటి రబ్బరు పళ్లేలు కొనుక్కుని తల్లులు చేస్తున్న పని పత్తి కూలీల ఊళ్లో ఎలా సాగుతుందో చూద్దామని బయల్దేరాను.

చాప మీద నలుగురు పిల్లలు. ముగ్గురు తల్లుల ఒళ్లో, ఒకడు నాయనమ్మ ఒళ్లో. టీచర్ మొదట పళ్లేల జోలికి పోలేదు. ఒక్కో బిడ్డనూ కూర్చోబెట్టి నడుము దగ్గర కొద్దిగా ఆనిక ఇచ్చి చూసింది. మెడ నిలబడుతోందా, ఒరిగిపోతున్నాడా, చేతికిచ్చిన గిలక నోటిదాకా తీసుకెళ్తున్నాడా అని. ఒక పాప కాసేపటికే పక్కకు వాలిపోయింది. ఆ పాపకు ఈ నెల మెత్తగా మెదిపిన తిండి చాలని, చేతికి ముక్క వచ్చే నెల చూద్దామని తల్లికి చెప్పింది. నెలలు నిండటం ఒక్కటే సరిపోదన్నమాట. మన శాస్త్రం ప్రకారం మగపిల్లలకు ఆరు, ఎనిమిది లాంటి సరి నెలల్లో, ఆడపిల్లలకు ఐదు, ఏడు లాంటి బేసి నెలల్లో అన్నప్రాసన చేస్తారు కదా. ఐదో నెలలో ముహూర్తం కుదిరితే ఏం చేస్తారని అడిగాను. "నాలుకకు పరమాన్నం రాసి మురిపెం తీర్చుకొమ్మంట. అసలు తిండి మాత్రం ఆరు నిండినాకనే" అంది టీచర్.

తర్వాత ఆయా పళ్లేలు తెచ్చింది. మిగిలిన ముగ్గురికీ స్టీలు పళ్లేల్లో ఉడికిన మోరంగడ్డ, పొడుగ్గా కోసిన ఇడ్లీ, గుడ్డట్టు ముక్కలు. పక్కన చిన్న గిన్నెలో నెయ్యి వేసి మెదిపిన పప్పన్నం. మోరంగడ్డ ముక్కలు పెద్దవాళ్ల వేలంత ఉన్నాయి. వాటిని చూడగానే నాయనమ్మ మొహం మారిపోయింది.

"గింత పోరనికి గంత ముక్క ఇస్తరా? గొంతుల వడితే ఎవలు జవాబుదారి?"

"పెద్ద ముక్కనే మంచిదవ్వా. చిన్నది ఇస్తే పిడికిట్ల దాగిపోతది. పిడికిలి ఇప్పి తీసుకునుడు వానికింక రాదు" అంది టీచర్.

నిజమే. 6 నెలల వయసులో బిడ్డ అరచేత్తో పట్టుకుంటాడు. పిడికిలి దాటి పైకి పొడుచుకొచ్చిన భాగమే వాడికి తిండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి అన్నం మెతుకు ఏరుకోవడం ఇంచుమించు తొమ్మిదో నెలలో గానీ రాదు. అందుకే ముక్క పొడుగు. మెత్తదనానికీ ఒక పరీక్ష ఉంది. రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే నలిగిపోవాలి. ఉడికిన గుడ్డు ఇవ్వకుండా అట్టు వేయడానికీ కారణం చెప్పింది. ఉడికిన పచ్చసొన పొడిపొడిగా గొంతు పట్టేస్తుంది. అట్టయితే చేతికి చిక్కుతుంది, నోట్లో జారుతుంది.

నాయనమ్మ ఒళ్లోని పిల్లవాడు ముందు పళ్లెం అంచు పట్టుకుని చాప మీద నాలుగు దెబ్బలు కొట్టాడు. ఇడ్లీని నలిపాడు, మోకాలికి రాసుకున్నాడు. మోరంగడ్డ ముక్క తీసుకుని ఒకసారి చెంపలో, ఒకసారి ముక్కు కింద పొడుచుకుని, చివరికి నోరు ఎక్కడుందో కనుక్కున్నాడు. చిగుళ్లతో నమిలాడు. ఉన్నట్టుండి నాలుక బయటికి చాచి, కళ్ల నిండా నీళ్లతో ఓకరించాడు. నాయనమ్మ నోట్లో వేలు పెట్టబోయింది. టీచర్ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. రెండు క్షణాల్లో ముక్క బయటికొచ్చింది. వాడు దాన్ని ఎగాదిగా చూసి మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

ఆ రెండు క్షణాలు నాకూ గుండె ఆగినంత పనైంది. భోజనాలు ఆపి టీచర్ చెప్పింది ఈ విషయమే, ఎక్కువసేపు చెప్పింది కూడా. ఓకరింత వేరు, గొంతుకు అడ్డం పడటం వేరు. పసివాళ్లకు ఓకరింత పుట్టించే చోటు నాలుక మీద పెద్దవాళ్లకంటే ముందుకు ఉంటుంది. ముక్క గొంతుదాకా పోకముందే బయటికి నెట్టే కాపలా అది. అప్పుడు చప్పుడు వస్తుంది, దగ్గు వస్తుంది, మొహం ఎర్రబడుతుంది. నిజంగా అడ్డం పడితే చప్పుడు ఉండదు. ఏడుపూ రాదు, దగ్గూ రాదు, పెదాలు నీలబడతాయి. అప్పుడు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల ఛాతీకంటే కిందికి ఉండేలా వేసుకుని, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద 5 నొక్కులు. మళ్లీ దెబ్బలు, మళ్లీ నొక్కులు. ఈలోగా పక్కవాళ్లు 108కి ఫోన్ చేయాలి. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఒక గుడ్డబొమ్మను ఆమె ముగ్గురు తల్లుల చేత, నాయనమ్మ చేత కూడా తిప్పించింది. తప్పుగా తిప్పినవాళ్ల చేత మళ్లీ చేయించింది. పిల్లలకు తిండి గురించి చెప్పే చోట ఇంత విడమరచి నేర్పడం నేను ఇంతకుముందు చూడలేదు.

చేతికి ఇవ్వకూడనివి గోడ మీద రాసి పెట్టింది. పల్లీలు, వేయించిన శనగలు, బఠాణీలు, పచ్చి క్యారెట్, గుండ్రటి ద్రాక్ష, కొబ్బరి ముక్క, సకినాలు. ఏడాది లోపు తేనె నాకించకూడదు, ఉప్పూ చక్కెరా కలపకూడదు. పడుకోబెట్టి పెట్టకూడదు, ఒంటరిగా వదిలి వంటింట్లోకి పోకూడదు.

బిడ్డను తన చేత్తో తిననిచ్చే ఈ పద్ధతికి ఇప్పుడున్న ప్రచారం బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ చాలాకాలం ఇళ్లకు తిరిగి పసిపిల్లల్ని చూసే ఆరోగ్య కార్యకర్తగా పనిచేసిన గిల్ రాప్లీ, ట్రేసీ మర్కెట్‌తో కలిసి 2008లో పుస్తకం తెచ్చారు. మెదిపి పెట్టడం అసలు అక్కర్లేదని, బిడ్డను ఇంటిల్లిపాదితో కూర్చోబెట్టి తన చేత్తో తననే తిననివ్వాలని రాప్లీ వాదం. అడ్డం పడదా అన్న భయానికి కొంత జవాబు న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం ఇచ్చింది. అక్కడ 206 మంది తల్లులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి జాగ్రత్తలు నేర్పి పిల్లల్ని స్వయంగా తిననిచ్చారు. అడ్డం పడటంలో రెండు వర్గాలకూ తేడా కనబడలేదు. కానీ ఆ పరిశోధకులే ఇంకో సంగతీ గమనించారు. ఏడో నెలలో సగానికి పైగా పిల్లలకు ప్రమాదకరమైన ముక్కలు ఏవో ఒకటి అందాయి, చెంచాతో పెట్టిన ఇళ్లలో కూడా. ప్రమాదం పద్ధతిలో కన్నా ముక్కలోనే ఎక్కువ ఉందని నాకు అర్థమైంది. గోడ మీది జాబితా పెద్దదిగా ఉండటంలో తప్పు లేదు.

అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల పాత మార్గదర్శకాలు కొంచెం నెమ్మదిగా నడుస్తాయి. 6 నెలలకు మెదిపినవి, 8 నెలలకల్లా చాలామంది పిల్లలు చేతికిచ్చే ముక్కలు తినగలరు అని. ఈ టీచర్ దారి రెండింటి మధ్యలో ఉంది. పళ్లెంలో ముక్కలు పిల్లవాడివి, గిన్నెలో పప్పన్నం తల్లిది. వాడు తన ముక్కతో కుస్తీ పడుతుంటే తల్లి ముద్ద చూపిస్తుంది. నోరు తెరిస్తే పెడుతుంది. మొహం తిప్పుకుంటే ఆగుతుంది. అందులో నాకు బాగా నచ్చింది ఆ ఆగడం. మన ఇళ్లలో ఆగడం అన్నది లేదు. చందమామను చూపించి ఒకటి, కాకిని చూపించి ఒకటి, ఇప్పుడైతే ఫోనులో పాట పెట్టి నాలుగు. గిన్నె ఖాళీ అయ్యేదాకా అమ్మకు ఊపిరాడదు.

అన్నప్రాసన నాడు మన తంతే చూడండి. పుస్తకం, కలం, బంగారం, కత్తి, పువ్వులు వరసగా పెట్టి పిల్లవాడు దేని మీద చెయ్యేస్తాడా అని ఇంటిల్లిపాదీ వంగి చూస్తారు. జీవితంలో ఏమవుతాడో వాడే ఎంచుకోవచ్చు. ముద్ద మీద చెయ్యేస్తే మాత్రం చెయ్యి పక్కకు లాగేస్తారు.

ఈ జిల్లాకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ జిల్లాలోనే 60 పల్లెలను మూడు వర్గాలుగా చేసి, సుమారు 600 మంది తల్లీబిడ్డలతో ఒక అధ్యయనం చేశారు. ఫలితాలు 2013లో వచ్చాయి. ఒక వర్గానికి మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో వర్గం తల్లులకు ఏం పెట్టాలో నేర్పారు. మూడో వర్గానికి దాంతోపాటు ఎలా పెట్టాలో, అంటే బిడ్డ సైగలు కనిపెట్టి పెట్టడం, ఆడించడం కూడా నేర్పారు. తిండి రెండో, మూడో వర్గాల్లో మెరుగుపడింది. పొడవు పెరగడంలో తేడా రెండో వర్గంలో కనబడింది. మూడో వర్గం పిల్లలకు మానసిక వికాస పరీక్షలో మార్కులు ఎక్కువొచ్చాయి. అంటే బిడ్డ మాట వింటూ పెడితే ఒళ్లు ఇంకా పెరిగిపోతుందని ఎవరూ చెప్పలేదు. పెరిగింది ఇంకోటి. ఈ ఊరు ఆ అరవైలో ఉందో లేదో టీచర్‌కు తెలియదు. తన పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, శిక్షణలో కొంత, తన చిన్న కొడుకు చెంచా చూస్తేనే ఏడవడం వల్ల కొంత అంది.

ఇక బాలామృతం. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసే ఈ పొడిని తెలంగాణలో 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు నెలకు 2.5 కిలోలు ఇస్తారు, 16 గుడ్లతో పాటు. హైదరాబాద్ నాచారంలో తయారవుతుంది. ఏడాది లోపు చక్కెర వద్దని గోడ మీద రాసి, చక్కెర ఉన్న పొడి చేతిలో పెట్టడం ఇబ్బంది కాదా అంటే టీచర్ నవ్వి ఊరుకుంది. దాన్ని నీళ్లలా కలిపి తాగించేయకుండా చూడటమే తన మొదటి యుద్ధమట. 7 కిలోల బిడ్డ పొట్టలో ఒక విడతకు 200 మిల్లీలీటర్లకు మించి పట్టదు. అందులో సగం నీళ్లయితే మిగిలేదేముంది? చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలి. 8 నెలలు దాటిన పిల్లలకైతే ఆమె దాన్ని మెత్తటి ఉండలా చేసి చేతిలో పెట్టమంటుంది. జావ చేతికి చిక్కదు కాబట్టి, చేత్తో తినే అలవాటే తిండిని చిక్కబరుస్తుంది. ఈ లాభం గురించి ఎత్తుకుర్చీల తల్లులు ఎక్కడా రాయగా చూడలేదు.

చేతికి వదిలేస్తే బిడ్డ సరైనవే తింటాడా? 1920ల చివర్లో అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు 15 మంది పసివాళ్ల ముందు 34 రకాలు పెట్టి, ఏళ్ల తరబడి ఎవరి ఇష్టానికి వాళ్లను తిననిచ్చింది. ఒక్కొక్కరిదీ ఒక్కో వింత తిండి, అయినా అందరూ బాగానే పెరిగారు. ఆమే కిటుకు విప్పి చెప్పింది, ఆ పళ్లేల్లో చెడ్డ తిండి అనేదే లేదని. మరి మన పళ్లేల్లో? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6–23 నెలల పిల్లల్లో తగినంత, తగిన రకాల తిండి అందుతున్నది 11.3 శాతం మందికే. ఒట్టి అన్నం, పప్పునీళ్లు పెట్టి ఎంచుకోమంటే ఎంచుకునేదేముంది? అందుకే గుడ్డు రోజూ పళ్లెంలో ఉండాలని టీచర్ పట్టు. తల్లిపాలలో ఇనుము తక్కువ, పుట్టుకతో తెచ్చుకున్న నిల్వ ఆరో నెలకు అడుగంటుతుంది.

గుడ్డు మాట దగ్గరే అసలు చిక్కు బయటపడింది. పళ్లెంలో పెట్టిన అట్టులో సగం చాప మీదే ఉంది. "నెలకు పదహారు ఇస్తే సగం కోళ్లపాలైతది మేడం" అంది ఒక తల్లి. ఆమెది సరైన లెక్క. కిందపడిన క్యారెట్ ముక్కను ఫొటో తీసి మురిసే ఇళ్లకు ఆ లెక్క అవసరం రాదు. టీచర్ దగ్గర దానికి ఉన్న జవాబు చిన్నది, అట్టును ఒక్కో ముక్కగా ఇవ్వమంది, పడ్డది తుడిచి మళ్లీ ఇవ్వమంది, మిగతాది పప్పన్నంలో మెదిపి పెట్టమంది.

రెండో తల్లి సమస్యకు అంత చిన్న జవాబు లేదు. "నేను పత్తికి వోతే పొద్దుగూకినంక వస్త. అద్దగంట కూసొని వాడు తినేదాక సూసేదెవలు?" తన చేత్తో తినే బిడ్డకు పక్కన ఖాళీగా కూర్చునే మనిషి కావాలి. పత్తి ఏరే రోజుల్లో ఆ ఖాళీ కూలి డబ్బులతో సమానం. టీచర్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత రోజుకొక్క పూట చాలంది, రాత్రి అందరూ తినేటప్పుడు వాణ్ణీ పళ్లెంతో కూర్చోబెట్టమంది. మిగతా పూటలు ఎవరు పెట్టినా మొహం తిప్పితే ఆపమంది.

మనవడి మోకాలు తుడుస్తున్న నాయనమ్మ బేరానికి దిగింది. "పొద్దుగాల, పగటీలి నేను తినవెడత. రాత్రికి మీ ఇష్టం. గాని ముక్క నేనే ఒత్తి సూసి ఇస్త." టీచర్ ఒప్పుకుంది. ముసలామె పళ్లెంలో మిగిలిన మోరంగడ్డలన్నీ ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నొక్కి చూసింది. ఒకటి గట్టిగా ఉందని పక్కన పెట్టి, ఆయాను పిలిచి, "ఇది ఇంక జెర ఉడకాలె" అంది.