జెడ్డాలో చెట్టున్న ఇల్లు

2006లో రియాద్‌కి కొత్తగా వచ్చిన రోజులు. ప్రాజెక్టు పని మీద ఒక్కణ్ణే జెడ్డా వెళ్ళాను. ఆ రోజు ఉగాది. సాయంత్రం పాతబస్తీ అల్-బలద్‌లో తిరుగుతుంటే ఓ పెద్ద మేడ ముందు వేపచెట్టు కనిపించింది! రాలిన ఆకు ఒకటి తుడిచి నోట్లో వేసుకున్నాను. అదే నా ఉగాది పచ్చడి.

ఈ జనవరిలో మళ్ళీ వెళ్ళాం, మా ఆవిడా, పాపా, నేనూ. రియాద్‌లో పుట్టిన పాప జూన్‌లో కాలేజీ చదువుకి హైదరాబాద్ వెళ్ళిపోతోంది.

ఆ మేడ పేరు నసీఫ్ హౌస్. 1881లో పూర్తయింది. ఒకప్పుడు జెడ్డా మొత్తానికి ఇదొక్కటే చెట్టట. అందుకే ‘చెట్టున్న ఇల్లు’ అనేవారు. 1925లో జెడ్డా స్వాధీనమయ్యాక అబ్దుల్ అజీజ్ రాజు బస చేసింది ఇక్కడే.

పిల్లలూ, ఈ ఇళ్ళ గోడలు ఎర్రసముద్రపు పగడపు రాళ్ళతో కట్టినవి. మధ్యమధ్య కొయ్య దూలాలు. వీధిలోకి పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు ‘రోషన్లు’. లోపలివాళ్ళకి గాలి వస్తుంది, వీధి కనిపిస్తుంది; బయటివాళ్ళకి మాత్రం లోపల ఎవరున్నారో తెలియదు.

2014లో ఈ బస్తీ యునెస్కో జాబితాకెక్కింది. నేను చూసినప్పుడు ఒరిగిపోయిన ఇళ్ళకి ఇప్పుడు మరమ్మతులు జరుగుతున్నాయి. నిజం చెప్పొద్దూ, కొన్ని మరీ కొత్తగా అనిపించాయి.

“డాడీ, ఈ చెట్టు ఇండియాదా, ఇక్కడిదా?” అంది పాప.

మా ఆవిడ నా వైపు చూసింది. నేనేం చెప్పలేక రాలిన ఆకొకటి పాప చేతికిచ్చాను. నమిలి, ముఖం చిట్లించింది గానీ ఉమ్మలేదు.