రైలు నలభై నిమిషాలు లేటు, అప్‌డేట్ పాతిక నిమిషాలే!

కాచిగూడ స్టేషన్ ముందు ఎండాకాలం మధ్యాహ్నం మూడు గంటలు ఊరికే కూర్చోవాల్సి వస్తుందని ముందే తెలిస్తే, కనీసం పెద్ద నీళ్ళ బాటిలైనా తెచ్చుకునేవాణ్ణి.

ఆ రోజు శనివారం. మా నాయిన మహబూబ్‌నగర్ నుంచి రైల్లో వస్తున్నాడు. పదిన్నరకి అబిడ్స్‌లో కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్. ఎడమ కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ ఎప్పుడు చెయ్యాలో ఆ రోజే తేలుస్తామన్నారు. ఆ అపాయింట్‌మెంట్ దొరకడానికే నెల పట్టింది. సాయంత్రం రైలుకి మళ్ళీ ఇంటికి వెళ్ళిపోతానని టికెట్ కూడా తీసుకునే వస్తున్నాడు. "స్టేషన్ కాడికి ఆటోలు మస్తుంటయ్, నువ్వు రాకు" అన్నాడు ఫోన్లో. నేను వింటానా? కొత్త ఎలక్ట్రిక్ కారు కొన్నాక ఆయన్ని ఇంకా ఎక్కించనే లేదు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేసింది. అది చూసే కొన్నాను.

ఎనిమిదింటికల్లా స్టేషన్ పార్కింగులో ఉన్నాను. రైలు నలభై నిమిషాలు లేటన్నారు. సరే, కాసేపు ఏసీలో కూర్చుందామనుకుంటే స్క్రీన్ మీద ఒక మాట వెలిగింది: కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంది, పాతిక నిమిషాలు పడుతుంది, అంతసేపు బండి నడపడం కుదరదు. వారం రోజులుగా అది అడుగుతూనే ఉంది, నేను 'తర్వాత' నొక్కుతూనే ఉన్నాను. రైలు నలభై నిమిషాలు లేటు, అప్‌డేట్ పాతిక నిమిషాలే. లెక్క సరిపోయింది. ఇంకా పావుగంట మిగులు కూడా! నొక్కేశాను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. ఒక కంపెనీ యాప్‌కి ప్రతి రెండు వారాలకీ అప్‌డేట్లు పంపడమే నా ఉద్యోగం. ఇలాంటి లెక్క ఎక్కడ తప్పుతుందో అందరికంటే నాకే ముందు తెలియాలి.

నాయిన సంచీ పట్టుకుని దిగేసరికి అప్‌డేట్ అయిపోయింది. అయింది కానీ పూర్తవలేదు. 'సర్వీస్ సెంటర్‌ని సంప్రదించండి' అని ఎర్ర అక్షరాలు. బ్రేక్ తొక్కి బటన్ నొక్కితే ఏమీ లేదు.

"ఏంది రా, లేస్తలేదా? చార్జింగ్ అయిపోయిందా?"

"లేదు నాయినా, డెబ్బై ఎనిమిది శాతం ఉంది."

"మరి?"

ఆ 'మరి'కి జవాబు చెప్పడం కష్టం. ఈ కార్లలో రెండు బ్యాటరీలుంటాయి. కింద పరిచిన పెద్దది చక్రాలు తిప్పుతుంది. పాత కార్లలో ఉన్నట్టే పన్నెండు వోల్టుల చిన్నది ఇంకొకటి, కంప్యూటర్లని నిద్ర లేపుతుంది. బటన్ నొక్కగానే ఆ కంప్యూటర్లు ఒకదాన్నొకటి పలకరించుకుని, అంతా బాగుందనుకుంటేనే పెద్ద బ్యాటరీ దగ్గరున్న స్విచ్చులు కలుస్తాయి. లోపల 'టక్' మని చిన్న శబ్దం వస్తుంది. అప్పుడే కరెంటు మోటారుకి వెళ్తుంది. ఒక్క కంప్యూటరు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కక పాతదాంతోనే ఉండిపోయినా మిగతావి దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. ఇంటి నిండా బియ్యం ఉన్నా, కొట్టుగది తాళంచెవి పోయినట్టు. మాకు ఆ టక్ రాలేదు.

పక్కనున్న ఆటో అన్న దిగి వచ్చాడు. "ధక్కా మార్దామా అన్నా?" అన్నాడు ఉత్సాహంగా. అప్పటికే ఇంకో ఇద్దరు చేతులు మడుస్తున్నారు. ధక్కా కొడితే కదలదని చెప్పాల్సి వచ్చింది. పార్కింగ్ బ్రేక్ కరెంటుతో పడుతుంది, కరెంటుతోనే లేస్తుంది. గేరు న్యూట్రల్‌లోకి రావాలన్నా బండికి మెలకువ ఉండాలి. "గట్లెట్ల? బండే కదా!" అని ఆయన బాధపడ్డాడు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. పది నిమిషాలు సంగీతం వినిపించాక, "సార్, ఒకసారి రీస్టార్ట్ చేసి చూశారా?" అన్నారు. ఈ వాక్యం నేనెంతమందికి రాసి పంపించి ఉంటానో! ఫ్లాట్‌బెడ్ లారీ సాయంత్రానికి గానీ రాదన్నారు. టైము తొమ్మిదింబావు దాటింది.

ఆ ఆటోలోనే బయల్దేరాం. అప్పటిదాకా నాకు కాచిగూడ అంటే మ్యాప్‌లో ఒక ఎర్ర గీత, ట్రాఫిక్ తప్పించుకుని పోవాల్సిన చోటు. ఆటోలో కూర్చుంటే ఊరు కనపడింది. చౌరస్తా దాటి, బడీ చౌడీ మీదుగా సుల్తాన్ బజారు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఇక్కడే. 1901లో, నిజాం రోజుల్లో, తెలుగు పుస్తకాల కోసం పెట్టిన గ్రంథాలయం. ఆ తర్వాత కోఠి. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన పెద్ద భవనం ఇక్కడే ఉంది, తర్వాత అందులో ఆడపిల్లల కాలేజీ నడిచింది. అక్కణ్ణించి అబిడ్స్. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ పెట్టిన దుకాణం పేరే ఆ పేటకి మిగిలింది. నాయిన ఒక్కొక్కటీ చూపిస్తూ వచ్చాడు. కుడి కన్ను ఒక్కటే సరిగ్గా పనిచేస్తున్న మనిషి నాకు దారి చూపిస్తున్నాడు.

పదిన్నరకి అయిదు నిమిషాల ముందు చేరాం. కంట్లో చుక్కలు వేశారు, పరీక్షలు చేశారు, ఇంకో మూడు వారాలకి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. చుక్కల వల్ల సాయంత్రం దాకా మసగ్గానే ఉంటుందన్నారు. "ఇంటికి పోయి పడుకో నాయినా" అంటే వినలేదు. "నాకు రైలు గాడికెల్లే కదా. నీ బండి పోయేదాంక స్టేషన్లనే కూసుంటా." అలా ఒంటిగంటన్నరకి మళ్ళీ కాచిగూడలోనే తేలాం.

మీరు ఈ స్టేషన్‌కి వెళ్తే, ప్లాట్‌ఫారం వైపు పరుగెత్తకుండా ఒక్క నిమిషం ముందువైపు నిలబడి తలెత్తి చూడండి. 1916లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టింది. మధ్యలో గుమ్మటం, పక్కన మినార్లు. మొదట చూస్తే రైల్వే స్టేషనంటే నమ్మబుద్ధి కాదు. నిజాం రైల్వేకి ఒకప్పుడు ముఖ్యకార్యాలయం ఇదే. రాజ్యంలో మొదటి రైలు మార్గం 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి వచ్చింది, అది పెద్ద లైను. కాచిగూడ మాత్రం చిన్న లైనుది. నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా ఒకవైపు, మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు వైపు ఇంకోవైపు మీటర్ గేజ్ బండ్లు తిరిగేవి.

నాయిన ఆ చిన్న లైను మనిషి. సిగ్నల్ విభాగంలో చేరినప్పుడు మహబూబ్‌నగర్ వైపు పట్టాల మధ్య దూరం ఒక మీటరే. తొంభైల్లో దాన్ని పెద్ద లైను చేశారు, అంటే 1,676 మిల్లీమీటర్లు. పట్టాలొక్కటే మారితే చాలదు. పాయింట్లు, సిగ్నళ్ళు, వైర్లు అన్నీ మారాలి.

వరండాలో నీడ చూసుకుని కూర్చున్నాం. చాయ్ తాగుతూ నాయిన అడిగాడు: "నీ బండికి పొద్దుగాల ఏదో చేసినవ్ గదా, ఎవరికి చెప్పి చేసినవ్?"

"చెప్పేదేముంది? స్క్రీన్ అడిగింది, నేను నొక్కిన."

"పంపినోనికి నువ్వు యాడున్నవో తెల్సా?"

"తెలవదు."

"నీకు వాడు ఏం పంపిండో తెల్సా?"

'చిన్న చిన్న లోపాల సవరణ' అని ఉంది. యాప్ అప్‌డేట్ల కింద నేను రాసే వాక్యం కూడా అదే.

అప్పుడాయన డిస్‌కనెక్షన్ మెమో సంగతి చెప్పాడు. సిగ్నల్ మనిషి ఒక పాయింటు మోటారు తెరవాలన్నా ముందు కాగితం రాసి స్టేషన్ మాస్టరుకివ్వాలి. ఏ సామాను, ఎందుకు, ఎంతసేపు. మాస్టరు టైమేసి సంతకం పెట్టేదాకా ముట్టుకోకూడదు. పెట్టిన క్షణం నుంచి ఆ సిగ్నల్‌ని ఎవరూ నమ్మరు. బండ్లని వేరే పద్ధతిలో, జాగ్రత్తగా నడిపిస్తారు. పని అయ్యాక ఇద్దరూ కలిసి పరీక్షించి, సరిగ్గా ఉందని తేలాకే రీకనెక్షన్ అని మళ్ళీ సంతకాలు. "పని అయిందని సంతకం కాదు బిడ్డా. చూసినమని సంతకం."

"ఎప్పుడూ అట్లనే చేస్తరా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాలాసోర్‌ల ఏమైంది?" అన్నాడు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్, వెళ్ళాల్సిన మెయిన్ లైను వదిలి లూప్ లైన్లో ఆగి ఉన్న గూడ్సుని గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ వైర్ల మార్పుల్లో జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. సిగ్నల్ పచ్చగా ఉంది, పాయింటు ఇంకోవైపు ఉంది. "కాయిదం ఉంటే సాలదు రా. సూడాలె" అన్నాడు. చుక్కలేసిన కళ్ళతో ఆయనకి ఎదురుగా ఉన్న నేనే సరిగ్గా కనిపించడం లేదు ఆ టైములో.

నాకేమో మా ఆఫీసు డ్యాష్‌బోర్డు గుర్తొచ్చింది. అప్‌డేట్ పంపాక నూటికి తొంభైతొమ్మిది ఫోన్లలో సరిగ్గా పడితే మాకు పండగే. మిగిలిన ఆ ఒక్కరు ఎక్కడున్నారో, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, పక్కన ఎవరున్నారో ఆ స్క్రీన్ మీద రాదు. ఆ శనివారం ఆ ఒక్కణ్ణి నేను.

ఇది నా ఒక్కడి కథ కూడా కాదు. 2019 జనవరిలో బీజింగ్‌లో చాంగాన్ అవెన్యూ అనే పెద్ద రోడ్డు మీద, ట్రాఫిక్‌లో ఉండగా ఒకాయన నియో కారుకి అప్‌డేట్ ఒప్పుకున్నాడు. గంటసేపు బండి కదల్లేదు, కిటికీలు కూడా దిగలేదు. 2023 నవంబరులో అమెరికాలో రివియన్ కంపెనీ తప్పు ఫైలు పంపించింది. కార్లు నడిచాయి గానీ లోపల స్క్రీన్లు పోయాయి. పొరపాటు తమదేనని, వేరే భద్రతా సర్టిఫికెట్లున్న ఫైలు వెళ్ళిందని కంపెనీయే ఒప్పుకుంది. అలాగని అప్‌డేట్లు వద్దనుకోలేం. బ్రేకుల్లో లోపాన్ని కూడా ఇంటి దగ్గరే సరిచెయ్యగలిగేది వీటితోనే. ఈ స్టేషన్నే చూడండి. చిన్న లైను పోయింది, కరెంటు తీగలొచ్చాయి, 2023 సెప్టెంబరులో ఇక్కణ్ణించి యశ్వంత్‌పూర్‌కి వందే భారత్ మొదలైంది. నూరేళ్ళు దాటిన గుమ్మటం కింద మారనిదంటూ ఏదీ లేదు.

నాలుగున్నరకి లారీ వచ్చింది. డ్రైవరు ఇలాంటివి చాలా చూసినట్టున్నాడు. లాక్కెళ్తే చక్రాలతో పాటు మోటారు తిరిగి కరెంటు పుడుతుందని, నాలుగు చక్రాల కిందా చిన్న బండ్లు పెట్టి పైకెక్కించాడు. పొద్దుటి ఆటో అన్న మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. "ధక్కా లేకుండనే పాయె" అని నవ్వాడు. మూడోనాడు బండి తిరిగొచ్చింది. 'సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాం' అని కాగితం మీద ఒక్క వాక్యం. ఎవరు చూశారో, సంతకం మాత్రం లేదు.

మీ దగ్గర ఇలాంటి బండి ఉంటే ఒక్క మాట. అప్‌డేట్ ఇంటి దగ్గరే చెయ్యండి, మర్నాడు బండితో తప్పనిసరి పని లేనప్పుడు. చిన్న బ్యాటరీ పాతబడితే ముందే చూపించండి. పాతిక నిమిషాలంటే పాతిక నిమిషాలని నమ్మకండి. ఆ అంకె రాసేది నాలాంటివాళ్ళే.

సోమవారం ఆఫీసులో మా రిలీజ్ పట్టికకి ఒక ప్రశ్న కలిపాను: 'ఇది మధ్యలో ఆగిపోతే, అవతలి మనిషి పని ఎలా జరుగుతుంది?' మా మేనేజరు చదివి, "దీనికి జవాబు ఎవరు రాస్తారు?" అన్నాడు. నేనే రాస్తానన్నాను. మొదటిసారి రాయడానికి రెండు రోజులు పట్టింది, అప్‌డేట్ రెండు రోజులు ఆగింది. అందరూ సంతోషించలేదు.

మూడు వారాల తర్వాత ఆపరేషన్‌కి నాయిన మళ్ళీ వచ్చాడు. నేను మళ్ళీ అదే పార్కింగులో. రైలు ఇరవై నిమిషాలు లేటు. స్క్రీన్ మీద అదే మాట వెలిగింది. బండికి తాళం వేసి, ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని లోపలికి నడిచాను. దూరంగా సిగ్నల్ ఎర్రగా ఉంది. అది పచ్చగా మారేదాకా చూస్తూ నిలబడ్డాను.