ఊక పొగ నీడలో

నల్లగొండ జిల్లా మిర్యాలగూడలో దిగగానే ముక్కుకు తగిలేది ఉడికిన వడ్ల వాసన. తలెత్తితే మిల్లు గొట్టాలు. ఊక బూడిద ఎగిరొచ్చి బండి నడిపేవాళ్ల కళ్లలో పడుతుంది.

ఆ గొట్టాలు చూస్తే నాకు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ గుర్తొస్తుంది. అక్కడ తగరం గనులు మూతపడ్డాక, నీళ్లు తోడే ఇంజన్లకు కట్టిన రాతి ఇళ్లు మొండిగోడలై మిగిలాయి. 2006లో యునెస్కో వాటికి వారసత్వ గుర్తింపు ఇచ్చింది. మన దగ్గర మొండిగోడలు మిగలవు. తరిగిపోయే గని కాదు కదా, ఏటా రెండు పంటలొచ్చే కాలువ. మిల్లు పాతబడితే అదే జాగాలో కొత్తది లేస్తుంది. అందుకే వీటిని చరిత్రగా చూసే అలవాటు మనకు రాలేదు. నాకైతే అది లోటే.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ పేరు పెట్టిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మెట్టలను మాగాణి చేసింది. సూర్యాపేట పక్కన మూసీ ప్రాజెక్టు నీళ్లూ ఉన్నాయి. కోదాడ, సూర్యాపేటలకు విజయవాడ రోడ్డు కలిసొస్తే, మిర్యాలగూడకు బీబీనగర్–నడికుడి రైలు మార్గం కలిసొచ్చింది. కృష్ణ ఒడ్డున సున్నపురాయి ఉన్నచోట సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. వాటిలో బి.వి. రాజు పెట్టిన విష్ణుపురం రాశి సిమెంట్ 1998లో ఇండియా సిమెంట్స్ చేతికి పోయిన కథ అప్పట్లో దేశమంతా చెప్పుకున్నారు.

కానీ ఈ సీమను అర్థం చేసుకోవాలంటే ఉప్పుడు బియ్యం మిల్లులోకే వెళ్లాలి. పాత పద్ధతిలో వడ్లను సిమెంటు తొట్లలో రెండు మూడు రోజులు చన్నీళ్లలో నానేసేవాళ్లు. నీళ్లు పులిసి కంపు కొట్టేది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ వేడినీళ్ల పద్ధతి తెచ్చాక ఆ పని కొన్ని గంటలకు తగ్గింది. నానిన వడ్లకు ఆవిరి పట్టి, కింది మూత తీస్తే పొగలు కక్కుతూ జారిపడతాయి. వాటిని విశాలమైన గచ్చు మీద పరిచి, ఆడవాళ్లు కాళ్లతో చాళ్లు తీస్తూ ఎండబెట్టేవాళ్లు. డ్రయర్లు వచ్చాక ఆ గచ్చుల మీద లారీలు ఆగుతున్నాయి. బాయిలర్‌కు మాత్రం నేటికీ మిల్లు ఊకే మేత. వడ్ల బరువులో అయిదో వంతు అదే.

ఇంత హంగామా ఎందుకంటే, యాసంగి వడ్లు కోతకొచ్చేది ఏప్రిల్ ఎండల్లో. గింజ లోపలే పగుళ్లిస్తుంది. పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ. ఆవిరి పడితే పిండిపదార్థం మెత్తబడి పగులు అతుక్కుంటుంది, గింజ నిలబడుతుంది. ఆ తొట్లూ గొట్టాలూ నల్లగొండ ఎండ కట్టించినవే.

ఆ సంగతి ఢిల్లీకి ఎంత ఎక్కిందో తెలీదు. యాసంగి ఉప్పుడు బియ్యం ఇక కొనబోమని కేంద్రం చెప్పడంతో 2022 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అక్కడే ధర్నాకు కూర్చున్నారు. సర్కారు వడ్లు క్వింటాలు ఆడిస్తే ఉప్పుడు బియ్యం 68 కిలోలు, పచ్చి బియ్యమైతే 67 కిలోలు అప్పజెప్పాలి. ఎండకు పగిలిన వడ్లతో ఆ 67 ఎలా వస్తాయి, పెరిగే నూక నష్టం ఎవరు భరించాలి అన్నదగ్గరే మిల్లర్ల పేచీ మొదలైంది.