ఆదిగంగ

కలకత్తా నగరంలో హేస్టింగ్స్ సమీపాన హుగ్లీ నది నుండి విడివడి, కాళీఘాట్, టాలీగంజ్‌ల మీదుగా గరియా వైపు సాగే సన్నని పాయ ఒకటి ఉన్నది. పోటు వేళ అందులో నీరు ఉబుకుతుంది. పాటు వేళ నల్లని బురద బయటపడుతుంది. వంతెన మీద పోయేవారు ముక్కు మూసుకొని నడక వేగిరపరుస్తారు. ఐనా దాని పేరు ఆదిగంగ. పేరుకూ రూపానికీ ఇంత ఎడమెట్లు కలిగినదో ఎరుగవలెనంటే ఆ నీటి వెంట వెనుకకు నడవవలసినదే.

ఒకప్పుడు భాగీరథి ఈ దారినే సాగరసంగమానికి పోయేది. 1495 ప్రాంతాన విప్రదాస పిపిలాయి రచించిన ‘మనసా విజయం’లో చాంద్ సౌదాగరు నావలు కాళీఘట్టం, బారుయిపురం, ఛత్రభోగం దాటి సముద్రాన్ని చేరుతవి. 1510లో చైతన్యుడు పురీక్షేత్రానికి పోతూ ఈ తీరాన్ని అనుసరించే ఛత్రభోగం చేరినాడని వైష్ణవ గ్రంథాలు చెప్పుచున్నవి. కాలక్రమాన ప్రవాహం పడమటి పాయను ఆశ్రయించగా, ఇక్కడ ఒండ్రు మాత్రమే మిగిలినది.

1775లో విలియం టాలీ అనే కంపెనీ సైనికాధికారి, పడవలపై సుంకం వసూలు చేసుకొనే హక్కు పొంది, ఈ పాత పాయను తవ్వించి తూర్పున విద్యాధరీ నదితో కలిపినాడు. 1777 నాటికి సుందరవనాల పడవలు తిరిగి ఈ నీటిపైకి వచ్చినవి. ఆనాటి నుండి ఆదిగంగ ‘టాలీ నాలా’ అయినది. తరువాత విద్యాధరి పూడిపోయినది; సరకు రైళ్లకూ బండ్లకూ మరలినది; నగరపు మురుగు నాలాకు చేరినది. చివరకు 2009, 2010లలో టాలీగంజ్ నుండి దక్షిణానికి పొడిగించిన మెట్రో రైలు కోసం ఆ గర్భంలోనే సుమారు 300 స్తంభాలు నిలిచినవి.

గరియాకు దిగువన నది కనబడదు. పొలాల నడుమ, ఇండ్ల వెనుక, పాత గర్భంలో తవ్విన చెరువులు వరుసగా కనిపిస్తవి. వాటిని అక్కడివారు ఘోషుల గంగ, బోసుల గంగ అని యజమానుల ఇంటిపేర్లతో పిలుస్తారు; ఆ నీటిని గంగాజలంగానే భావిస్తారు. ప్రవాహం నిలిచిన చోట గంగ పేరు బ్రతికి ఉన్నది. నీరు ఇంకా కదిలే చోట అది నాలా అయినది.

కాళీఘాట్‌లో నేటికీ భక్తులు ఆ నీటిని చేతితో తాకి శిరస్సున చల్లుకొంటారు. కేవడాతల శ్మశానం దాని ఒడ్డుననే ఉన్నది. 1925లో దేశబంధు చిత్తరంజన దాసుకు అంత్యక్రియలు జరిగినది అక్కడనే. గంగ సమస్తాన్నీ పావనం చేయునన్న విశ్వాసం మనలో బలమైనది. ఆ విశ్వాసమే, గంగలో ఏమి కలిపినా దోషం లేదన్న నిశ్చింతగా మారినదేమో. తల్లి అని పిలిచినందువలన ఋణం తీరదు. టాలీ తవ్వించినది సుంకం కొరకు. సుంకం ఆశించక తవ్వే చేతుల కొరకు ఆ పాయ ఎదురుచూచుచున్నది. ఈలోగా పోటు మాత్రం రోజుకు రెండుమార్లు, ఎవరూ పిలువకుండానే, స్తంభాల నడుమ దారి వెదకుకొంటూ లోనికి వచ్చి పోవుచున్నది.