ఖిద్మత్‌కి జీతం

అమ్మీ దగ్గర బయటి మనిషిని పెట్టామని తెలిసిన రోజు నుంచి మా ఖాన్‌దాన్‌లో ఫోన్లు ఆగలేదు. ‘ముగ్గురు ఔలాద్ ఉండి తల్లిని పరాయి చేతుల్లో పెడతారా? చేతికందిన జన్నత్‌ని కాలదన్నుకుంటున్నారు’ అని ఒక ఖాలా. అన్నవాళ్లలో ఒక్కరూ ఒక్క రాత్రి అమ్మీ పక్కన మేలుకున్నవాళ్లు కారు. అయినా ఆ మాటను తేలిగ్గా తీసుకోలేను. ఆ మాటకు భయపడే మన ఇళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు నడుములు విరగ్గొట్టుకుంటున్నారు. కొడుకు తల్లికి ఖిద్మత్ చేస్తున్నాడని బస్తీ అంతా మెచ్చుకుంటుంది, డైపర్ మార్చేది మాత్రం బహూ. సాస్ ససుర్ల ఖిద్మత్ బహూ మీద ఫర్జ్ కాదని, అది వాళ్ల ఔలాద్ బాధ్యత అని ఉలమా చెప్తూనే ఉంటారు. ఆ బయాన్ ఇంటిదాకా ఎందుకు రాదో మరి.

రసూలుల్లా (స) గారిని పసితనంలో పాలిచ్చి పెంచింది హలీమా సాదియా (ర.అ.). దాయీలకు ఉజ్రత్ ఇచ్చి బిడ్డల్ని అప్పగించడం మక్కా ఖాన్‌దాన్‌లలో అప్పటి రివాజ్. పసివాళ్ల విషయంలో లేని సిగ్గు ముసలివాళ్ల విషయంలో ఎందుకు?

అమ్మీకి ఉన్నది వయసు మతిమరుపు కాదు, డిమెన్షియా. పొద్దున తిన్న నాష్తా గుర్తుండదు, అరవై ఏళ్ల కిందటి నిఖా దావత్‌లో ఏం వండారో గుర్తుంటుంది. జొహర్ నమాజ్ చదివి, జానిమాజ్ మడిచి, ఐదు నిమిషాలకే మళ్లీ వజూకి లేస్తుంది. మగ్రిబ్ వేళకి మనిషే మారిపోతుంది. బట్టలు మూట కట్టుకుని ‘ఘర్ చలో’ అంటుంది. ఉన్నది తన ఇంట్లోనే. పొద్దువాలే వేళ ఈ కలవరం ఈ జబ్బులో చాలామందికి ఉంటుందని డాక్టర్ చెప్పారు.

ఏజెన్సీకి ఫోన్ చేసినప్పుడు వాళ్లు అడిగేది రెండే: పన్నెండు గంటలా, ఇరవైనాలుగు గంటలా? మనం అడగాల్సినవే ఎక్కువ. డిమెన్షియా ఉన్నవాళ్లతో ఇదివరకు పనిచేసిందా, పోలీస్ వెరిఫికేషన్ అయ్యిందా, సెలవు పెడితే ఎవరొస్తారు, మేమిచ్చే దాంట్లో ఆమె చేతికి ఎంత అందుతుంది. ఈ ఆఖరి సవాల్ వాళ్లకు నచ్చదు. మాకు మొదట దొరికిన ఏజెన్సీ మా దగ్గర 22 వేలు తీసుకుని ఆమెకు 14 వేలు ఇచ్చేది. పైగా పది రోజులకోసారి మనిషిని మార్చేది. డిమెన్షియా ఉన్నవాళ్లకు కొత్త ముఖం అంటే కొత్త భయం. మూడో మనిషి వచ్చేసరికి అమ్మీ తలుపు వెనక దాక్కుని ‘చోర్, చోర్’ అని అరిచింది. ఆ ఏజెన్సీని మాన్పించాం. రెండో చోట ఒకే మనిషి రావాలని కాగితం మీద రాయించుకున్నాం. అబ్బా బతికుండి ఇదే జబ్బు ఆయనకు వచ్చుంటే మగమనిషినే అడిగేవాళ్లం. హయా మతితోపాటే పోదు.

ఇంకో సంగతి. వాళ్ల షిఫ్ట్ రాత్రి ఎనిమిదికి మారుతుంది. అమ్మీ ఇంకా మూట విప్పని వేళ అది. మేం పొద్దున పదినుంచి రాత్రి పదిదాకా అడిగాం. రాత్రి మాదే. నేనూ చెల్లీ వంతులేసుకుంటాం, జెద్దాలో ఉన్న భాయి జీతం డబ్బు పంపుతాడు. ఇరవైనాలుగు గంటల మనిషిని పెట్టుకునేవాళ్లకు ఒక మాట: ఆ మనిషి కూడా నిద్రపోవాలి. రాత్రి నాలుగుసార్లు లేచిన మనిషిని పగలంతా నవ్వుతూ ఉండమంటే అది జుల్మ్.

ఇప్పుడొచ్చే ఆమెది పక్క ఊరు. ఆదివారం చర్చికి వెళ్తుంది, ఆ రోజు సెలవు. ఆమెకు ఉర్దూ రాదు. అమ్మీ నలభై ఏళ్లు బజార్లో తెలుగులో బేరాలాడిన మనిషే, కానీ ఇప్పుడు ఆ తెలుగు జారిపోతోంది, పుట్టింటి జబాన్ మిగులుతోంది. అందుకని తెలుగు అక్షరాల్లో ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించాం. పానీ అంటే నీళ్లు, భూక్ అంటే ఆకలి, దర్ద్ అంటే నొప్పి, నక్కో అంటే వద్దు. గుసల్‌ఖానాలో బద్నా ఎడంపక్కనే ఉండాలి, స్టూలు మీద కూర్చోబెట్టే వజూ చేయించాలి. నమాజ్ ఎన్నిసార్లు చదివినా ఆపొద్దు, పడిపోకుండా పక్కన ఉంటే చాలు. అఖల్ తప్పినవాళ్ల మీద నమాజ్ ఫర్జ్ కాదని మాకు తెలుసు, కానీ అమ్మీ నిమ్మళంగా ఉండేది ఆ జానిమాజ్ మీదే.

కాగితంలో రాయలేకపోయింది అబ్బా సంగతి. అబ్బా ఇంతిఖాల్ అయి ఆరేళ్లయింది. ‘మీ అబ్బా ఇంకా రాలేదేం?’ అని అమ్మీ రోజూ అడుగుతుంది. నిజం చెప్పిన ప్రతిసారీ అది ఆమెకు మొదటిసారే. గాజులు తీసేసి, తెల్ల దుపట్టా వెతుక్కుని, ఇద్దత్‌లో కూర్చోబోయేది. నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ మా అమ్మీకి వారానికి రెండుసార్లు మొదలయ్యేది. ‘బజారుకెళ్లారు, వస్తారు’ అంటే ఝూట్. చెల్లి అనగలిగేది, నాకు నోరు వచ్చేది కాదు.

దీనికి దారి చూపించింది ఆమే. ఒకరోజు అమ్మీ అడగ్గానే దగ్గరగా కూర్చుని, ‘సాయిబుగారు ఎలా ఉండేవారు మామ్మగారూ?’ అంది. అమ్మీకి ఆ తెలుగు ఎంత అర్థమైందో గానీ ‘సాయిబుగారు’ అన్న మాట అందింది. అబ్బా సైకిలు, అత్తరు, రంజాన్‌లో సహరీకి లేపడానికి ఆయన పడే తిప్పలు, అంతా ఉర్దూలో చెప్పుకుపోయింది. ఆమెకు ఒక్క ముక్క తెలియకపోయినా అరగంట ఊకొట్టింది. అమ్మీ గాజులు తీయలేదు.

ఇప్పుడు అమ్మీ ఆమెను ‘ఛోటీ’ అంటుంది. చిన్నప్పుడే పోయిన తన చెల్లెల్ని అలా పిలిచేదట. నన్ను మాత్రం కొన్ని రోజులు ‘ఎవరమ్మా నువ్వు?’ అంటుంది. అలాంటి రోజు మనసు కలుక్కుమంటుంది, లేదని ఎందుకు చెప్పాలి?

పోయిన నెల జీతం రెండు వేలు పెంచాం, ఏజెన్సీ ద్వారా కాకుండా నేరుగా ఆమె చేతికే. చెమట ఆరకముందే ఉజ్రత్ ఇవ్వమన్న హదీస్‌ని జుమ్మా బయాన్లలో విననివాళ్లెవరు? ఫోన్ చేసే ఖాలాకి ఒకటే చెప్పాను: ‘ఆదివారం ఛోటీ రాదు, మీరు రండి.’ రెండు ఆదివారాలు వచ్చింది. రెండోసారి వెళ్లేముందు ఫ్రిజ్ దగ్గర నిలబడి ఆ కాగితం మొత్తం చదివి, కింద తనే పెన్నుతో రాసింది: ‘ఆపాకి చాయ్‌లో బిస్కట్ ముంచి ఇవ్వాలి.’